మూడో వన్స్‌మోర్

ఆదివారం ఉదయం ఎనిమిదీ పదికి యలమంద నా ఆఫీసు మెట్లెక్కాడు. ఇరవై రెండు మెట్లు, పట్టుకోవడానికి రెయిలింగ్ లేదు, పద్నాలుగో మెట్టు పెచ్చు ఊడింది. తెనాలిలో మందు పుచ్చుకున్నవాడెవడూ ఆ పద్నాలుగో మెట్టు దాటి నా గుమ్మం దాకా రాలేదు. ఈయన చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని, కాళ్ల వైపు చూడకుండా ఎక్కేశాడు.

"మేడం, నేను తాగుబోతునీ కాదు, దొంగనీ కాదు. సాయంత్రం ఆరింటిలోగా ఈ రెండూ మీరు రుజువు చెయ్యాలండి," అన్నాడు కూర్చోకుండానే.

"ముందు ఏది రుజువు చెయ్యమంటారు?"

క్షణం ఆలోచించాడు. "తాగుబోతును కానని."

దొంగ అన్నందుకు కన్నా తాగుబోతు అన్నందుకు ఎక్కువ బాధపడే మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అక్కడికక్కడే నచ్చేశాడు, కేసు తీసుకున్నాను.

నా పేరు హైమావతి. ఇరవై తొమ్మిదేళ్లు హైస్కూల్లో డ్రిల్లు టీచర్ని. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తాయని ఈ డిటెక్టివ్ ఆఫీసు తెరిచాను. వేలిముద్రల గురించి నాకు తెలిసింది తక్కువ. మనుషుల నడక గురించి మాత్రం పుస్తకం రాయగలను. గ్రౌండు ఆ చివర నడిచే పిల్లాణ్ణి చూసి, వాడు హోంవర్కు చెయ్యలేదని ఈ చివరి నుంచి చెప్పేదాన్ని.

యలమంద వెనకే ఇంకొకాయన ఆయాసపడుతూ వచ్చాడు. పూర్ణచంద్రరావు. యాభై దాటిన మనిషి, సన్నటి పొడుగాటి వేళ్లు. యలమంద పాడే పద్యాలకి ఇరవై ఏళ్లుగా హార్మోనియం ఆయనదే. అంతకుముందు యలమంద తండ్రి నాగభూషణానికీ ఆయనే వాయించాడట. అందుకే యలమంద ఆయన్ని బాబాయ్ అంటాడు.

"వద్దంటే వినలేదండి. డిటెక్టివులూ అవీ ఎందుకయ్యా, నాలుగు రోజులుంటే సద్దుమణుగుతుందని చెప్పాను," అన్నాడు పూర్ణచంద్రరావు.

"నాలుగు రోజులుంటే నా పేరు పోతుంది బాబాయ్," అన్నాడు యలమంద.

కథ ఇదీ. యలమందకి నలభై నాలుగేళ్లు. దుగ్గిరాల పసుపు యార్డులో కాటా వేసే గుమాస్తా. సెలవు రోజుల్లో పద్యనాటకాల్లో రాజు వేషాలు కడతాడు. శనివారం మధ్యాహ్నం తెనాలిలో నాటక పరిషత్తు పోటీ జరిగింది. ఆదివారం సాయంత్రం ఆరింటికి రేపల్లెలో బహుమతి సభ. ఉత్తమ నటుడి కాలికి బంగారు గండపెండేరం తొడుగుతారు, అతను వేదిక మీద ఒక పద్యం పాడాలి. ఆ గండపెండేరం శనివారం నాడు గ్రీన్‌రూమ్‌లో, తాళం వేసిన టేకు పెట్టెలోంచి మాయమైంది. అదే సమయంలో యలమంద అదే గదిలో తూలుతూ, నాలుక మడతపడి, మాట ముద్దముద్దగా వస్తూ దొరికాడు.

"సభ మొదలయ్యేలోగా వస్తువు దొరక్కపోతే నన్ను జీవితాంతం స్టేజీ ఎక్కనివ్వరట. పోలీసులకీ ఇస్తారట," అన్నాడు. "మా అమ్మ రేపల్లెలో ఉందండి. తాగి తూలాడని ఆవిడ చెవిన పడితే చాలు, నా మొహం చూడదు. మా నాన్న విషయంలో ఒకసారి అయిపోయింది."

"ఏమైంది?"

యలమంద తల అడ్డంగా ఊపాడు. పూర్ణచంద్రరావు కిటికీలోంచి బయటికి చూశాడు.

*

తొమ్మిదింటికి గ్రీన్‌రూమ్ దగ్గరికి వెళ్తే గుమ్మంలో అజయ్ బాబు నిలబడి ఉన్నాడు. గుంటూరులో పెద్ద డిటెక్టివ్ ఏజెన్సీ అతనిది. పరిషత్తు సెక్రటరీ కామేశ్వరరావు గారు శనివారం సాయంత్రమే అతన్ని పిలిపించారు. మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబు, కళ్లకి నల్లద్దాలు. ఎనిమిదో తరగతిలో మాత్రం నా దగ్గర వరసగా మూడు నెలలు షూ లేస్ కట్టుకోకుండా వచ్చి గ్రౌండు చుట్టూ పరిగెత్తిన వెధవ.

"మేడం, మీరిక్కడ?" అన్నాడు, అప్రయత్నంగా చేతులు వెనక్కి కట్టుకుని.

"విశ్రామ్, అజయ్ బాబూ. చేతులు వదిలెయ్యి. ఏం తేల్చావు?"

చేతులు వదిలి గొంతు సవరించుకున్నాడు. "కేసు తేలిపోయింది మేడం. నాలుగుంపావుకి కామేశ్వరరావు గారు పెట్టె తెరిచి దాతకి గండపెండేరం చూపించారు. మళ్లీ తాళం వేసి, తాళంచెవి అద్దం వెనక మేకుకి తగిలించారు. ఆ మేకు సంగతి ట్రూపులందరికీ తెలుసు. నాలుగు ఇరవై ఆరుకి యలమంద స్టేజి దిగి గదిలోకొచ్చాడు, ఒక్కడే. నాలుగున్నరకి మేకప్ తోమాసు వచ్చి చూస్తే తూలుతున్నాడు. అయిదింటికి పెట్టె తెరిస్తే ఖాళీ. తాగాడు, తీశాడు, ఎవరికో అందించాడు. మధ్యాహ్నం రేపల్లె వెళ్లి వాళ్లిల్లు వెతుకుతాం."

"తాగినట్టు ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్పారు. స్పిరిట్ వాసన గుప్పుమంది."

మేకప్ మనిషి తోమాసు మూలన స్టూలు మీద కూర్చుని జుట్టు టోపీలు దువ్వుతున్నాడు. ముప్పై ఏళ్లుగా ఈ చుట్టుపక్కల రాజులకీ రాక్షసులకీ మొహాలు దిద్దినవాడు.

"తోమాసూ, వాసన ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"మీసం దగ్గర్నుంచండి," అన్నాడు తలెత్తకుండా. "మీసం అంటించే జిగురు స్పిరిట్టే కదండి. రాజుగారికి మీసంతో పాటు గడ్డం కూడా ఉంది. ఆ వాసన రాకపోతే నా పని సరిగా లేనట్టు. నోటి వాసన నేను చూశానండి. ఏం లేదు. చెప్తే ఈ బాబు రాసుకోలేదు."

అజయ్ బాబు ట్యాబు వైపు చూసుకున్నాడు.

నేను బల్ల దగ్గరికి వెళ్లాను. ఎవరూ ముట్టుకోకుండా తాడు కట్టి ఉంచినందుకు అజయ్ బాబుని మెచ్చుకోవాలి. ఆరడుగుల బల్ల. ఎడమ సగం మీద ఊరేగింపు వెళ్లినట్టుంది. తిలకం సీసా బోర్లా పడింది. కొబ్బరినూనె ఒలికి కింద దాకా కారింది. అద్దం మీద మూడు చోట్ల తడి చేతి ముద్రలు, ఒక్కటీ దేనికీ దగ్గరలో లేదు. మంచినీళ్ల గ్లాసు గోడ పక్కన, సొట్టతో.

కుడి సగం మీద టేకు పెట్టె. పక్కన విప్పని పూలదండ, ఒక్క రేకు నలగలేదు. పెట్టెకి బొటనవేలి గోరంత ఇత్తడి తాళం. తాళంచెవి గుండుసూది కన్నా కాస్త లావు. శనివారం ఉదయమే పెట్టెకి కొత్తగా వార్నిష్ కొట్టారు, ఇంకా జిడ్డుగా ఉంది. భూతద్దం పెట్టి చూశాను. తాళం చుట్టూ వార్నిష్ మీద వెంట్రుకంత గీత లేదు.

"అజయ్ బాబూ, ఇలా రా. ఎడమ వైపు మనిషికి గ్లాసు అందలేదు. మూడుసార్లు ప్రయత్నించి గోడకి కొట్టాడు. కుడి వైపు మనిషి సూదంత తాళంచెవి ఒక్క దెబ్బకి తాళంలో పెట్టాడు, తీశాడు, మళ్లీ తాళం వేశాడు, తాళంచెవి మేకుకి తగిలించాడు. పూలదండ కదల్లేదు. వీళ్లిద్దరూ ఒకరేనా?"

అతను కాసేపు బల్ల వైపు చూశాడు. తర్వాత నల్లద్దాలు తీశాడు. బుర్ర పనిచేస్తున్నప్పుడు చిన్నప్పుడు కూడా ముక్కు గోక్కునేవాడు, ఇప్పుడూ గోక్కున్నాడు.

"ఒకరే మేడం. ముందు కుడి వైపు పని శుభ్రంగా కానిచ్చాడు. తర్వాత ఎడమ వైపు చిందరవందర చేశాడు. ఆయన వృత్తి ఏంటండి? నటన. పోయినేడు సాంఘిక నాటకంలో తాగుబోతు వేషానికి ఆయనకి బహుమతి వచ్చింది. నేను చూసుకున్నాను."

నా శిష్యుడు నన్ను కట్టేసినందుకు ఒళ్లు మండింది, లోపల్లోపల కాస్త గర్వం కూడా కలిగింది.

"తోమాసూ, నాలుగున్నర తర్వాత ఏం జరిగింది?"

"నాలుగూ ముప్పై మూడుకి ఈయన్ని భుజాన వేసుకుని వెనక వరండాలో బల్ల మీద పడుకోబెట్టానండి. తెర దించేసి అందరూ అక్కడికే పరిగెత్తుకొచ్చారు. నాలుగూ నలభైకి చివరి అంకం వాళ్లు వేషాలకి గదిలోకి వచ్చారు. అప్పట్నుంచి గది నిండా మనుషులే."

నాలుగూ ముప్పై మూడు నుంచి నలభై. ఏడు నిమిషాలు గది ఖాళీ. అది కాయితం మీద రాసి అజయ్ బాబుకి చూపించాను.

"ముందు ఆయన నటించలేదని తేల్చండి మేడం," అన్నాడు. "అప్పుడు మీ ఏడు నిమిషాల సంగతి చూద్దాం."

*

నాటకాన్ని పరిషత్తు వాళ్లు ఇంటర్నెట్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. తాగకుండా మనిషి ఎందుకు తూలాడో డాక్టర్ని అడుగుదామని పూర్ణచంద్రరావు కారులో బాపట్ల వెళ్తూ, దారి పొడుగునా ఆ వీడియో చూశాను. నాలుగూ అయిదుకి యలమంద సీసపద్యం ఎత్తుకున్నాడు. గొంతు బంగారం. చివరి పాదం మీద రాగం తీసి తీసి ఊపిరి ఆగిపోతుందేమోనని నేను సీటు పట్టుకున్నాను. హాలు లేచి నిలబడింది. వన్స్‌మోర్. మళ్లీ పాడాడు. మళ్లీ వన్స్‌మోర్. మళ్లీ పాడి, రెండు చేతులూ జోడించి ఇక చాలన్నట్టు తల వంచాడు. జనం కూర్చోబోతున్నారు. అప్పుడు మైకు దగ్గర్లోనే ఒక్క గొంతు, మూడో వన్స్‌మోర్. వెంటనే హార్మోనియం ఎత్తుకుంది.

"రెండోదానికే దణ్ణం పెడతారని అందరికీ తెలుసట కదా. పొగరంటారట," అన్నాను యలమందతో.

"పొగరు కాదండి. అంతకన్నా పాడితే ఒళ్లు తేలిపోయినట్టుంటుంది, అందుకని. కానీ హార్మోనియం పెట్టె ఎత్తుకున్నాక పాడకపోతే వాయించేవాళ్లకి అవమానం. అది మా పద్ధతి. నిన్న కూడా అందుకే పాడాను."

"తప్పు నాదేనమ్మా," అన్నాడు పూర్ణచంద్రరావు స్టీరింగు మీంచి చూపు తిప్పకుండా. "ఎవరో అడిగారు, జనమంతా అడుగుతున్నారనుకుని ఎత్తేశాను. ముప్పై మూడేళ్లుగా వాయిస్తున్నా, చప్పట్లు వినిపిస్తే వేళ్లు ఆగవు. మాకు మిగిలేది అదే కదండి. ఈ జిల్లాలో హార్మోనియం వాడి కాలికి గండపెండేరం తొడిగినవాడు లేడు."

నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను.

డాక్టర్ వాగ్దేవి నా స్నేహితురాలి కూతురు. న్యూరాలజిస్టు. ఆదివారం క్లినిక్ మూసి ఉన్నా మా కోసం తెరిచింది. యలమందని గీత మీద నడిపించింది, వేలితో ముక్కు తాకమంది, వేళ్లు గబగబా తిప్పమంది. అన్నీ బాగానే చేశాడు. కళ్లు బాగా పక్కకి తిప్పి చూడమన్నప్పుడు మాత్రం టార్చి పట్టుకుని చాలాసేపు ఆయన కళ్లలోకి చూస్తూ ఉండిపోయింది. తర్వాత నా ఫోన్లో వీడియో పెట్టించుకుంది. నాలుగో పాట దగ్గర ఆపి ఆయన మొహం పెద్దది చేసింది.

"ఆంటీ, ఈ కళ్లు చూడండి."

చూశాను. కనుగుడ్లు కిందికి టక్కుమని జారి, మెల్లిగా పైకొచ్చి, మళ్లీ కిందికి జారుతున్నాయి. ఆగకుండా.

"ఇది నటించొచ్చా?"

"కొందరు సరదాకి కళ్లు పక్కలకి ఆడించగలరు. పది పదిహేను సెకన్లు, అంతే. ఇలా కిందికి కొట్టుకునేటట్టు, నిమిషాల తరబడి, పైగా సీసపద్యం పాడుతూ ఎవరి వల్లా కాదు." యలమంద వైపు తిరిగింది. "నిన్న మీకు స్పృహ ఉందాండి?"

"అన్నీ తెలుస్తూనే ఉన్నాయమ్మా. గ్లాసు అదిగో, కనిపిస్తోంది. చెయ్యి అక్కడికి పోదు. మాట లోపల సరిగ్గానే ఉంది, బయటికి ముద్దగా వస్తోంది. నాలుగు గంటలు గడిచాక దానంతట అదే తగ్గింది."

వాగ్దేవి కుర్చీ దగ్గరికి లాక్కుంది. "మన తల వెనక చిన్నమెదడు ఉంటుందండి. కండరాలకి కదలమని చెప్పేది వేరే భాగం. ఎంత కదలాలో, ఎప్పుడు ఆగాలో తాళం వేసి చెప్పేది ఈ చిన్నమెదడులోని పర్కింజీ కణాలు. ఆ కణాల గోడల్లో సన్నటి ద్వారాలుంటాయి. క్యాల్షియం ఆ ద్వారాల్లోంచి లోపలికి వస్తేనే ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు సరిగా పోతుంది. మన కాలవల మీద షట్టర్లు చూస్తారు కదా, అలాంటివనుకోండి. ఆ షట్టర్ ఎలా తయారవ్వాలో చెప్పే జన్యువులో పుట్టుకతోనే చిన్న మార్పు ఉందనుకోండి, షట్టర్ సరిగ్గా లేవదు. మామూలు రోజుల్లో ఎలాగో నెట్టుకొస్తుంది. ఒళ్లు బాగా అలిసినా, మనసు బాగా ఉద్వేగపడినా మొండికేస్తుంది. కణాలు తాళం తప్పుతాయి. బలం ఉంటుంది, తెలివి ఉంటుంది, కొలత ఉండదు. అందుకే తాగినట్టు కనిపిస్తారు."

"తాళం తప్పుతాయి," అన్నాడు యలమంద, ఆ మాట తనకి బాగా తెలిసినదైనట్టు.

"పేరు ఎపిసోడిక్ అటాక్సియా. నా అనుమానం బలంగా అదే. రక్తం తీసి జన్యు పరీక్షకి పంపుతాను, రిజల్టు రావడానికి వారాలు పడుతుంది. నిన్న మాత్రం ఈయన తాగిన మనిషి కాదు, నటించిన మనిషీ కాదు. ఆ స్థితిలో సూదంత తాళంచెవితో గీత పడకుండా తాళం తియ్యడం కుదరని పని. అది కాయితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను."

యలమంద అడిగాడు. "ఇంక పాడకూడదా అమ్మా?"

వాగ్దేవి నవ్వింది. "ఎందుకు పాడకూడదు? దీనికి ఒక పాత మాత్ర ఉంది. చాలామందికి బాగా పనిచేస్తుంది. కిడ్నీ పరీక్ష చూసి మొదలుపెడదాం. సాయంత్రం ఒక్కసారి పాడి దిగండి. మాత్ర పడ్డాక వన్స్‌మోర్‌లు ఒక్కోటి పెంచుకుందాం."

ఆ మనిషి ఏం చేశాడనుకున్నారు? క్లినిక్‌లో అక్కడికక్కడ లేచి నిలబడి, డాక్టరుకి రాజు వేషంలో వంగినట్టు వంగి దణ్ణం పెట్టాడు. నాకు నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. బయటికొచ్చి అందరికీ చెరకురసం నేనే ఇప్పించాను. పూర్ణచంద్రరావు వద్దన్నాడు.

*

నగరం అనే ఊరి మీదుగా రేపల్లె చేరేసరికి మూడూ ముప్పావు. యలమంద ఇంటి ముందు పరిషత్తు కారు ఆగి ఉంది. లోపల కామేశ్వరరావు గారు కుర్చీలో ఇబ్బందిగా, అజయ్ బాబు గుమ్మంలో మరీ ఇబ్బందిగా. మధ్యలో పీట మీద సుబ్బరత్నమ్మ గారు, చేతులు కట్టుకుని. డెబ్బై ఏళ్లుంటాయి. ఆవిడ అనుమతి లేకుండా ఆ ఇంట్లో ఈగ కూడా వాలదని చూడగానే తెలిసింది.

"వెతుక్కోమన్నానమ్మా. బియ్యం డబ్బా కూడా చూసుకోమన్నాను," అంది నాతో. కొడుకు వైపు చూడలేదు. "నాన్న బుద్ధే వచ్చింది వీడికి."

యలమంద గుమ్మంలోనే ఆగిపోయాడు.

నేను డాక్టరు కాయితం తీసి పైకి చదివాను. అజయ్ బాబుకి వీడియో చూపించాను. అతను ఫోను దగ్గరగా పెట్టుకుని మూడుసార్లు చూశాడు. ముక్కు గోక్కున్నాడు. తర్వాత కాయితం కామేశ్వరరావు గారికి అందించి, నిటారుగా నిలబడ్డాడు.

"నాది పొరపాటండి. ఈయన కాదు. ఆ తాళం ఈయన తీయలేదు," అన్నాడు. ఒప్పుకోవడం కూడా అటెన్షన్‌లో నిలబడి ఒప్పుకున్నాడు. ఎంత ముద్దొచ్చాడో చెప్పలేను.

కామేశ్వరరావు గారు లేచి యలమంద చేతులు పట్టుకున్నారు. "సాయంత్రం నువ్వు పాడుతున్నావయ్యా. గండపెండేరం లేకపోతే పూలదండ వేస్తాం."

సుబ్బరత్నమ్మ గారు మాత్రం కదల్లేదు. "జన్యువంటే వంశంలో వచ్చేదేనా అమ్మా?" అని అడిగింది.

"అవునండి. తల్లి నుంచో తండ్రి నుంచో."

"నేనెప్పుడూ తూలలేదు."

"నాగభూషణం గారిని డాక్టరు చూడలేదు కాబట్టి ఆవిడ రాసివ్వలేదండి," అన్నాను. "మీరు చూశారు. ఆయన ఎప్పుడు తూలేవారు?"

"కుప్పలు నూర్చిన రోజు. ఆడపడుచు పెళ్లి రోజు. నాటకం ఆడిన రోజు." ఆవిడ ఒక్కొక్కటీ నెమ్మదిగా చెప్పింది. "నీళ్ల చెంబు అందుకోబోయి గోడకి కొట్టేవాడు. తెల్లారేసరికి మామూలే."

"వాసన వచ్చేదా?"

"రాలేదు. వాసన రాకుండా తాగడం నేర్చాడనుకున్నాను."

అన్న తర్వాత తన మాట తనే విన్నట్టు ఆగిపోయింది. "చెప్పాడమ్మా. వీడి తల మీద చెయ్యేసి చెప్పాడు, చుక్క ముట్టలేదే అని. నేను నమ్మలేదు. ఆఖరి పదకొండేళ్లూ అన్నం పెట్టాను, బట్టలుతికాను, కబుర్లు మాత్రం చెప్పలేదు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, భుజాలు కదిలాయి. తీరా చూస్తే ఏడుపులోనే నవ్వుతోంది. ఆ నవ్వు పెరిగింది. లేచి, డెబ్బై ఏళ్ల మోకాళ్లతో దొడ్లోకి పరిగెత్తి, ప్రహరీ మీదికి వంగింది.

"మాణిక్యాంబొదినా. మా ఆయన తాగలేదంట."

అటు నుంచి గొంతు వచ్చింది. "ఎప్పుడు?"

"ఎప్పుడూ."

"నేను చెప్తే విన్నావా?" అంది అటు గొంతు.

వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగారు. వాళ్లకీ చెప్పింది. వీధి చివర ఇస్త్రీ బండివాడికి వినపడలేదని రెండోసారి చెప్పింది. లోపలికి వచ్చి కొడుకు మొహం రెండు చేతులతో పట్టుకుని, నుదురు తడిమింది. జంతికల డబ్బా తెచ్చి అందరికీ పంచింది, అజయ్ బాబుకి రెండు ఎక్కువ పెట్టింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో, ఈ డిటెక్టివ్ పనిలో, నాకింత సంతోషం కలిగిన సందర్భం ఇంకొకటి లేదు.

అజయ్ బాబు జంతిక కొరుకుతూ నా పక్కకి జరిగాడు. "మరి తీసిందెవరు మేడం? మీ ఏడు నిమిషాలు?"

"యలమందకి అలా అవుతుందని ముందే తెలిసినవాడు. అందరూ వరండాకి పరిగెడతారని, గది ఖాళీ అవుతుందని, నింద ఈయన మీద పడుతుందని తెలిసినవాడు. అసలు ఆ మూడో వన్స్‌మోర్ ఎవరిదో కనుక్కుంటే చాలు."

సుబ్బరత్నమ్మ గారు డబ్బాతో గుమ్మం దాకా వెళ్లింది. పూర్ణచంద్రరావు అప్పటిదాకా గడప లోపలికి రాలేదు. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చి, నా ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చోబెట్టింది.

"వీడు కూడా నాతో పాటు బరువు మోశాడమ్మా," అంది నాతో, మొహం వెలిగిపోతూ. "మా ఆయన పేరు పోయిన రోజు నగరంలో నాటకం. వీడికి పంతొమ్మిదేళ్లు. మూడోసారి పాడిస్తే నేను నిలబడలేనురా పూర్ణా, పెట్టె ఎత్తుకోవద్దు అని ఆయన వీడికి ముందే చెప్పాడంట. కుర్రతనం కదా, మర్చిపోయి వీడే వన్స్‌మోర్ అని అరిచి ఎత్తేశాడు. ఆయన స్టేజి మీద పడిపోయాడు, జనం తాగాడన్నారు. నా వల్లే వదినా అని వీడు నా కాళ్ల దగ్గర కూర్చుని ఎంత ఏడ్చాడో. తాగినవాడు ఎవరరిచినా పడతాడులే అని నేనే ఓదార్చాను." ఆయన తల మీద చెయ్యి వేసింది. "ఇంక ఆ సంగతి మర్చిపోరా. ఇప్పుడు అందరికీ తెలిసిపోయిందిగా."

అజయ్ బాబు జంతిక పక్కన పెట్టి, చప్పుడు చెయ్యకుండా వెళ్లి వీధి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"బాబాయ్," అన్నాడు యలమంద. "నీకు తెలుసా?"

పూర్ణచంద్రరావు యలమంద వైపు చూడలేకపోయాడు. సుబ్బరత్నమ్మ గారి చెయ్యి ఇంకా ఆయన తల మీదే ఉంది. ఆ చేతి కింద నుంచి కదలకుండానే జేబులోంచి కారు తాళాలు తీసి, నా ముందు బల్ల మీద పెట్టాడు.

"హార్మోనియం డిక్కీలో ఉందమ్మా. దాని గాలి తిత్తి లోపల చూడండి," అన్నాడు.